ఏడు నిమిషాలు వెనక నడిచిన పెళ్లి

ఇప్పటి పిల్లలు నా దగ్గరికి వచ్చి "అంకుల్, లైవ్‌లో అర నిమిషం లాగ్ వస్తోంది, ఏం చేయాలి?" అని ఏడుపు మొహం పెడుతుంటారు. అర నిమిషానికే గుండెలు బాదుకునే మీ తరానికి ఒక సంగతి చెప్పాలి. నేను ఒక పెళ్లిని ఏడు నిమిషాలు ఆలస్యంగా చూపించాను. దాని వల్ల ఒక పెద్దమనిషి అలిగాడు, పంతులుగారు మంత్రం మధ్యలో ఆగిపోవలసి వచ్చింది, నేను తప్పు ఒప్పుకుని నేల మీద కూర్చోవలసి వచ్చింది. అయినా ఆ రోజు గురించి సిగ్గుపడమంటే సగమే పడతాను.

కొత్తగూడెంలో ఒక ఫొటో స్టూడియోలో ముప్పై ఏళ్లకు పైగా వీడియో తీశాను. మోకాళ్లు మొరాయించాక మానేశాను. మాది చర్చికి పోయే కుటుంబం. కానీ ఏ మంత్రం తర్వాత ఏ మంత్రం వస్తుందో, పంతులు చేయి ఎప్పుడు కెమెరాకు అడ్డం వస్తుందో నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. మా పాస్టరుగారికి ఈ సంగతి చెప్పలేదు.

పెళ్లిళ్లకు లైవ్ కావాలని జనం అడగడం మొదలైన రోజులవి. మిగతా స్టూడియోల వాళ్లు కెమెరాకు వైరు, వైరుకు లాప్‌టాప్, లాప్‌టాప్‌కు ఇంకో వైరు తగిలించి నడిపేవారు. పెళ్లికి వచ్చిన ముసలమ్మలు ఆ వైర్లు తట్టుకుని పడేవారు. మా ఓనర్‌కు ఒక రోజు పొద్దున్నే బుద్ధి పుట్టింది.

"వైరు వద్దు, లాప్‌టాప్ వద్దు. కెమెరాల్నే ఇంటర్నెట్ ఉండాలె," అన్నాడు.

"గట్ల సిమ్ము పెట్టే కెమెరాలు వస్తున్నయి సార్. కొనుర్రి," అన్నాను.

"కొనుడెందుకు? నువ్వు లేవా?"

నాకు పొగడ్త పడదు. పడదంటే, పడితే ఆగను. షాపులో మూలన పడి ఉన్న పాత క్యాసెట్ కెమెరాను బల్ల మీద పెట్టి విప్పాను. క్యాసెట్ కూర్చునే అర ఉంటుంది చూశారా, అందులోని చక్రాలు, బెల్టులు అన్నీ పీకేశాను. ఆ ఖాళీలో రెండు వస్తువులు కూర్చోబెట్టాను. ఒకటి, బొమ్మను ఇంటర్నెట్‌లో పోయేలా మార్చే చిన్న బోర్డు. రెండోది, సిమ్ వేసే డాంగిల్. పైన మూత వేస్తే లోపల ఏముందో ఎవరికీ తెలియదు. వారం రోజులు అన్నం కూడా బల్ల దగ్గరే తిన్నాను.

వేడి ఒక్కటే బాధ. గంట నడిస్తే చేత్తో పట్టుకోలేం. మా షాపులో ఆల్బమ్‌లు డిజైన్ చేసే చెల్లెమ్మ ఒకామె ఉండేది, నోరు కొంచెం పెద్దది. దాన్ని ముట్టుకుని చూసి, "అన్నా, ఇది కెమెరానా, ఇస్త్రీపెట్టెనా?" అంది. అప్పటి నుంచి ఒక తడి రుమాలు దాని మీద కప్పి తీసేవాణ్ని. జ్వరమొచ్చిన పిల్లను ఎత్తుకున్నట్టే ఉండేది. సిమ్ వేశాం కాబట్టి కెమెరాకు కూడా ఒక ఫోన్ నంబరు వచ్చింది. మా ఓనర్ మురిసిపోయి ఆ నంబరును విజిటింగ్ కార్డు మీద వేయించాడు. ఎవరు చేసినా ఎత్తడం లేదని జనం షాపుకొచ్చి గొడవపడేదాకా ఆయనకు సంగతి తట్టలేదు.

ఇక నేను చేసిన తప్పు. ఆ బోర్డులో ఒక సెట్టింగ్ ఉంది. సిగ్నల్ సన్నగిల్లినప్పుడు ఏం చేయాలో అడుగుతుంది. మధ్యలో కొన్ని బొమ్మలు వదిలేసి ఇప్పటి సంగతి చూపించనా, లేక ఒక్కటీ వదలకుండా దాచిపెట్టి వరసగా పంపనా అని. నేను రెండో దానికి గుర్తు పెట్టాను. నేను క్యాసెట్ల కాలం వాణ్ని. వయసులో ఉన్నప్పుడు మణుగూరులో ఒక పెళ్లికి, సరిగ్గా తాళి కట్టే సమయానికి నా టేపు అయిపోయింది. మూడో రోజు ఆ దంపతుల్ని మళ్లీ కూర్చోబెట్టి తాళి కట్టినట్టు తీయాల్సి వచ్చింది. పెళ్లికొడుక్కి అప్పటికే జలుబు. ఆ సిగ్గు నన్ను వదల్లేదు. మా కాలంలో పెళ్లి క్యాసెట్ మూడు నెలలకు చేతికొచ్చినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఒక్క ముక్క పోతే మాత్రం చంపేసేవారు. అందుకని ఆలస్యం తప్పని నాకు తోచనే లేదు.

పాల్వంచలో షిఫ్టు ఉద్యోగం చేసే ఒకాయన తన కూతురి పెళ్లి సొంతూళ్లో పెట్టుకున్నాడు. మణుగూరు రోడ్డు మీద నుంచి అడవిలోకి తిరిగితే వస్తుంది ఆ ఊరు. ఊళ్లకు ఊళ్లకు కరెంటు పుట్టించే చోట పనిచేసే మనిషి, పెళ్లికి రెండు రోజుల ముందు పందిట్లో సీరియల్ లైట్లు వెలగలేదని ఎలక్ట్రీషియన్‌ను తిట్టి, తనే నిచ్చెనెక్కి కిందపడ్డాడు. తొడ ఎముక విరిగింది. పాల్వంచ దవాఖానాలో కాలికి బరువులు కట్టి పడుకోబెట్టారు. ముహూర్తం మార్చడానికి వీల్లేదు. కన్యాదానం తమ్ముడు, మరదలు చేయాలని నిర్ణయించారు.

ముందు రోజు దవాఖానాకు పిలిపించాడు నన్ను. మంచం పక్కన కూతురు నిలబడి ఉంది. పోస్టాఫీసులో పని ఆమెకు. మాట తక్కువ, చూపు ఎక్కువ.

"చూడన్నా," అన్నాడాయన. "నాకు తర్వాత సీడీ గీడీ వద్దు. అక్కడ జరిగేటప్పుడే నేను చూడాలె. నేను 'కట్టు' అంటె అప్పుడు తాళి పడాలె. నా బిడ్డ పెండ్లి నేను లేకుంట అయిపోయిందంటే, ఇగ నేను బతికుండి ఏం లాభం?"

"నాయిన మాట ఇనకుంట నేను తల వంచ," అంది ఆ అమ్మాయి.

"సార్, ఎప్పుడు జరిగింది అప్పుడే కనిపిస్తది. నాది పూచీ," అన్నాను. కెమెరా సంచి మీద చెయ్యి వేసి మరీ అన్నాను.

మాట అబద్ధం కాదు. అంతకు ముందే ఊరికి పోయి చూసి వచ్చాను. రెండు గీతల సిగ్నల్, అర నిమిషం ఆలస్యం. పరవాలేదనుకున్నాను. పెళ్లి రోజు ఆ చిన్న టవర్ కింద నాలుగు వందల ఫోన్లు చేరి, అందరూ వీడియోలు పంపుకుంటారన్న ఆలోచన నాకు రాలేదు. మీకైతే వచ్చి ఉండేది. నవ్వుకోండి.

పెళ్లి రోజు చెల్లెమ్మను లాప్‌టాప్ ఇచ్చి దవాఖానాలో ఆయన పక్కన కూర్చోబెట్టాం. ఇక్కడ పందిట్లో ఆయన తమ్ముడి చేతిలో ఫోన్, స్పీకర్ ఆన్. బొమ్మ కెమెరాలో నుంచి ఇంటర్నెట్‌లో పోతుంది, మాట మామూలు ఫోన్‌లో వస్తుంది. అంటే ఆయన దవాఖానా మంచం మీద నుంచి పెళ్లి నడిపిస్తాడన్నమాట. నడిపించాడు కూడా.

మొదట్లో బాగానే ఉంది. "తమ్మీ, మగపెండ్లోళ్లు నిలబడ్డరు, కుర్చీలెయ్యి," అనేవాడు. అప్పటికే వాళ్లు కూర్చుని ఉండేవారు. "ఏసినమన్నా," అనేవాడు తమ్ముడు. ఇద్దరికీ తృప్తి.

కాసేపయ్యాక ఫోన్‌లో కేక వినిపించింది. "మేక! పందిట్ల మేక జొచ్చింది! అరటి మొక్క తింటున్నది, కొట్టుర్రి!"

మేక వచ్చిన మాట నిజమే. దాన్ని తరిమేసి చాలాసేపయింది. "ఎల్లగొట్టినమన్నా," అన్నాడు తమ్ముడు.

"ఏడ ఎల్లగొట్టినవ్? నా కండ్ల ముంగట తింటుంటె?"

అంటే రెండో మేక ఉందనుకున్నారు అందరూ. పదిమంది మనుషులు కట్టెలు పట్టుకుని పందిరి చుట్టూ, కుర్చీల కింద, వంటల దగ్గర లేని మేక కోసం వెతికారు. నేను కూడా కెమెరా తిప్పి వెతికాను.

ఆ తర్వాత జరిగింది అసలు ఘోరం. ముందు వరసలో మెత్తలు వేసిన పెద్ద కుర్చీ ఒకటి పెళ్లికూతురి మేనత్త భర్త కోసం ఉంచారు. ఆయన మంచమ్మీది పెద్దమనిషికి బావ. చుట్టుపక్కల ఊళ్లలో కబడ్డీ పోటీలు జరిగితే మైకు పట్టుకుని వర్ణన చెప్పేది ఆయనే. గొంతు, గౌరవం రెండూ పెద్దవే. ఆయన రాకముందు పచ్చ చొక్కా వేసుకున్న టెంటు హౌస్ అతను అలసిపోయి ఆ కుర్చీలో కాసేపు కూర్చున్నాడు. బావగారు రాగానే లేచి తప్పుకున్నాడు. బావగారు దర్జాగా కూర్చుని, మీసం సవరించుకుని, తాంబూలం నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు ఫోన్ మోగినట్టు అరిచింది స్పీకర్.

"తమ్మీ! బావ కుర్చీల ఎవడో పచ్చ చొక్కాయన కూసున్నడు. లేపు వాన్ని!"

తమ్ముడు కుర్చీ వైపు చూశాడు. అందులో సాక్షాత్తు బావే ఉన్నాడు. "అన్నా, కుర్చీల కూసున్నది..." అని నసిగాడు.

"ఎవడైతే నాకేంది? అంత పెద్ద కుర్చీల కూసునేటందుకు వాని మొకమేంది? రెక్క వట్టి లేపుమన్ననా, లేదా?"

పందిరంతా విన్నది. బావగారు తాంబూలం నమలడం ఆపాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. లేచి, వంటల వైపు పోయి, అక్కడ బోర్లించి పెట్టిన పెద్ద గిన్నె మీద కూర్చున్నాడు. వెనకాలే ఆయన భార్య ఏడుస్తూ పోయింది. పెళ్లి మధ్యలో ఆడపడుచు ఏడుస్తూ పోతే ఆ పెళ్లి ఎట్లా నడుస్తుందో మీకు చెప్పనక్కర్లేదు.

'పచ్చ చొక్కా' అన్న మాట నా చెవిలో ఇరుక్కుంది. బావగారిది తెల్ల లాల్చీ. చెల్లెమ్మకు ఫోన్ చేశాను.

"నీకు ఇప్పుడు ఏం కనిపిస్తున్నదమ్మా?"

"పచ్చ చొక్కాయన లేచి పోతున్నడు. లాల్చీ ఆయన వచ్చి కూసుంటున్నడు."

గడియారం చూసుకున్నాను. ఏడు నిమిషాలు. నా కెమెరా ఒక్క బొమ్మ కూడా వదలకుండా అన్నీ పొట్టలో దాచుకుని, సందు దొరికినప్పుడల్లా ఒక్కోటి పంపుతోంది. ముహూర్తానికి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. ఆపి మళ్లీ మొదలుపెడితే ఆలస్యం పోతుంది, కానీ ఇన్ని ఫోన్ల మధ్య దానికి మళ్లీ సిగ్నల్ అందుతుందన్న నమ్మకం లేదు. ఆపకపోతే, ఫోన్‌లో గట్టిమేళం వినిపిస్తుంటే ఆయన ముందున్న బొమ్మలో ఇంకా తెర కూడా పట్టి ఉండరు.

"చెప్పకన్నా," అంది చెల్లెమ్మ మెల్లగా. "ఆయన తమ్మున్ని ఫోన్ కట్ చేయుమను. సిగ్నల్ పోయిందని చెప్తా. ఏడు నిమిషాల తర్వాత ఈయన లాప్‌టాప్‌కు 'కట్టు' అని చెప్పుకుంటడు. తృప్తి పడతడు."

ఆ ఆలోచన నాకు నచ్చింది. నచ్చలేదంటే అబద్ధం. కానీ ఎక్కడో పన్నెండు మైళ్లకు పైన, కాలికి బరువులు కట్టుకున్న తండ్రి ఒకడు, అయిపోయిన పెళ్లికి 'కట్టు' అని చెబుతుంటే, ఆ పక్కన కూర్చున్న నర్సులు నవ్వుకుంటుంటే... నాకూ ఒక కూతురుంది. కెమెరాను స్టాండు మీద పెట్టి, పోయి నిజం చెప్పేద్దామనుకున్నాను.

పెళ్లికూతురు లోపల గౌరీపూజ ముగించి కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్లు. "అమ్మా, తప్పయింది," అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు.

"మాట కూడ ఏడు నిమిషాలు ఆలస్యమా?"

"లేదమ్మా. మాట ఫోన్‌ల పోతది. మాట అప్పటికప్పుడే."

"మరి గట్ల చెప్పరేంది? ఉత్తరం ఎనక వస్తది. ముందు ఫోన్ల చెప్తం. మా ఆఫీసుల రోజూ చేసే పనే కద," అంది. "నాయినకు నిజం చెప్పుర్రి. బొమ్మ ఇప్పుడు చూడొద్దు, ఇనుమనుర్రి. ఎవలన్న పక్కన నిలబడి అయ్యేది అయినట్టు చెప్పాలె. మామ అయితే మంచిగ చెప్తడు. ఏడి మామ?"

మామ గిన్నె మీద ఉన్నాడు. నేనే పోయాను. నా మోకాళ్లు అప్పటికే నొప్పి, అయినా ఆయన ముందు కింద కూర్చున్నాను.

"పెద్దాయన, మిమ్మల్ని లేపుమన్నది మీ బామ్మర్ది కాదు. నా కెమెరా తప్పు. ఆయన చూసింది ఏడు నిమిషాల కిందటి కుర్చీని. ఇగ మీరే ఫోన్ల ఆయనకు పెండ్లి చెప్పాలంటున్నది పిల్ల."

ఆయన మెడ చాచి ఖాళీ కుర్చీ వైపు చూశాడు. "అంటే ఇప్పుడు దవాఖానాల నేను ఇంక కుర్చీల్నే ఉన్ననా?"

"ఉన్నరు. తాంబూలం నములుతున్నరు."

"మరి నేను అలిగింది?"

"ఇంక ఆడికి పోలేదు. మూడు నాలుగు నిమిషాల్ల పోతది."

"నేను ఇప్పుడు లేచి పోయి కూసుంటె?"

"అప్పుడు కూడ పోతది సార్. నా కెమెరా ఏదీ వదలదు. ముందు అలిగింది చూపిస్తది, ఎనక వచ్చింది చూపిస్తది."

ఆయన మూతి బిగించాడు. నవ్వు ఆపుకోవడానికని తర్వాత తెలిసింది. "బామ్మర్దికి నేను అలిగినట్టు తెలిసేలోపు నేను పెండ్లి చెప్పుడు షురూ చేసిన అనుకో. అప్పుడు వాడు ఏమనుకోవాలె?" అని లేచాడు. భార్యను పిలిచి, "నడువ్, ఏడుపు ఆపు," అన్నాడు.

తాళికి ముందు ఫోన్‌లో తండ్రి మాట వినాలంటే పంతులుగారు మొదట ఒప్పుకోలేదు. ముహూర్తం ఎవరి కోసం ఆగదన్నాడు. ఆగొద్దు, ఒక్క మాట వినిపిస్తే చాలు అన్నాం. తమ్ముడు ఫోన్‌లో అన్నకు విషయం చెప్పాడు. "లాప్‌టాప్ అటు తిప్పుమ్మా," అన్నాడు ఆయన చెల్లెమ్మతో. ఆ గొంతు నేను మర్చిపోలేను. నన్ను తిట్టినా బాగుండేది.

బావగారు ఫోన్ చేతిలోకి తీసుకుని పెళ్లికూతురికీ, పెళ్లికొడుక్కీ పక్కగా నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. ఆయనకు వచ్చిన వర్ణన ఒక్క రకమే.

"బామ్మర్దీ, విను! తెర పట్టిర్రు. ఇటు మన పిల్ల, అటు అల్లుడు. ఇద్దరి చేతుల్ల జీలకర్ర బెల్లం రెడీగ ఉన్నయ్. పంతులు చెయ్యి ఎత్తిండు. అల్లుడు కుడి చెయ్యి ముందుకు తెచ్చిండు, లైను దాటిండు, దాటిండు, ముట్టుకున్నడు! మన పిల్ల గూడ పెట్టింది! తెర తీసిర్రు! ఇద్దరు ఒకరినొకరు చూసుకుంటుర్రు. అల్లుడు కండ్లార్పుతలేడు, పాపం!"

పందిట్లో జనం కడుపు పట్టుకుని నవ్వారు. పంతులుగారు మంత్రం మధ్యలో నవ్వి, దగ్గినట్టు నటించాడు; బావగారు అదీ ఫోన్‌లో చెప్పేశాడు. పెళ్లికూతురు తల వంచుకునే నవ్వింది. నేను తీసిన పెళ్లిళ్లన్నిటిలో అంత నవ్విన పెళ్లికూతురు లేదు. తాళి దాకా వచ్చింది. అల్లుడు తాళి పట్టుకున్నాడు. సన్నాయి వాళ్లు ఊపిరి బిగబట్టారు. పంతులుగారు మంత్రం ఆపి, "ఒక్క నిమిషం," అన్నాడు.

పందిరంతా ఫోన్ వైపు తిరిగింది.

"బామ్మర్దీ, అందరం నీ మాట కోసమే ఆగినం," అన్నాడు బావ. ఈసారి మైకు గొంతు కాదు.

"కట్టు అల్లుడా," అని వినిపించింది. "కట్టు. మెల్లగ కట్టు. నా బిడ్డకు మెడ దగ్గర చక్కిలిగిలి ఎక్కువ."

గట్టిమేళంలో బావగారు ఫోన్‌కు నోరు ఆనించి చెప్పిన వర్ణన పందిట్లో ఎవరికీ వినిపించలేదు. "రెండో ముడి కాడ తడబడ్డడు" అన్నది మాత్రం విన్నాను. నా కళ్లు మసకబారి ఫోకస్ తప్పింది. అది ఇప్పటికీ ఆ వీడియోలో ఉంది.

ఆ తర్వాత దవాఖానాలో జరిగింది చెల్లెమ్మ చెప్పింది. ఆయన కళ్లు తుడుచుకుని, "ఇప్పుడు తిప్పు ఇటు," అన్నాడట. అప్పటికి బొమ్మలో తెర పట్టుకుంటున్నారు. వార్డులో ఉన్న రోగులంతా మంచాలు జరుపుకుని, కర్రలు పట్టుకుని వచ్చారు. ఆయన అందరికీ ముందే చెప్పడం మొదలుపెట్టాడట. "చూడుర్రి, ఇప్పుడు పంతులు నవ్వి దగ్గుతడు." దగ్గాడట. "ఇప్పుడు అల్లుడు రెండో ముడి కాడ తడబడతడు." తడబడ్డాడట. విరిగిన చెయ్యితో ఉన్న ఒక ముసలాయన భయభక్తులతో ఆయన మంచం దగ్గరికి వచ్చి, "నా ఆపరేషన్ ఎట్లయితది సార్?" అని అడిగాడట. ఈ కథ విని మా ఓనర్ 'ముందు వినండి, తర్వాత చూడండి' అని ఫ్లెక్సీ కొట్టిస్తానన్నాడు. నేను షాపు మానేస్తానని బెదిరించాక ఆగాడు.

మర్నాడు వీడియో పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, షాపు లాప్‌టాప్ పట్టుకుని దవాఖానాకు పోయాను. క్షమాపణ చెప్పాలి కదా. ఎట్లా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ పోయాను. ఆయన ముందుగా పెన్‌డ్రైవ్ పెట్టించుకుని, లాప్‌టాప్ పొట్ట మీద పెట్టుకుని, బొమ్మను చివరి భాగానికి జరిపించి, ఆ తర్వాత నా వైపు చూశాడు.

"సార్, నేను మాటిచ్చి తప్పిన. జరిగేటప్పుడు చూపించలేకపోయిన," అన్నాను.

"ఇగో అన్నా, మా అన్న బిడ్డ పెండ్లి నేనే చేసిన. మా చెల్లె పెండ్లి నేనే చేసిన. ఒక్కటి గూడ చూడలే. బియ్యం సరిపోయినయా, బస్సు వచ్చిందా, ఎవరు అలిగిర్రు, ఇదే చూసిన. నిన్న చెవులతోని నా పని అయిపోయింది. 'కట్టు' అన్న, పెండ్లి చేసిన. ఎనక బొమ్మ వచ్చేటప్పటికి నాకు ఏ పని లేదు. ఉత్తగ కూసుని నా బిడ్డను చూసిన. పెండ్లి చేసిన తండ్రికి పెండ్లి చూసే తీరిక ఎవలకు దొరికిందో చెప్పు."

నేనూ ఆ బొమ్మ చూద్దామని మంచం ముందుకు వచ్చి నిలబడ్డాను.

"గట్ల అడ్డం నిలబడకు, జర పక్కకు జరుగు," అన్నాడు ఆయన కళ్లు బొమ్మ మీద నుంచి తీయకుండా. "అప్పగింతలు వస్తున్నయ్."